ఉప్పు మోసే జంట

(యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి సందర్భంగా జగదల్‌పూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసానికి అక్షర రూపం)



నిన్న విశాఖపట్నంలో కిరండోల్ రైలెక్కి, అరకు, కోరాపుట్ మీదుగా మీ ఊరు చేరాను. దారిపొడుగునా ఎదురొచ్చిన గూడ్సు బళ్ళ నిండా బైలడిల్లా ఇనుప ఖనిజమే. ఇప్పుడీ కొండల్లోంచి ఇనుము కిందికి దిగుతోంది. ఒకప్పుడు కిందినుంచి పైకి ఎక్కివచ్చిన సరుకు ఉప్పు. లంబాడీలు ఎద్దుల మీద గోనెలు వేసుకుని తెచ్చేవారు. బస్తర్ సంతల పాత ముచ్చట్లు ఎవరు చెప్పినా ఒక మాట వచ్చితీరుతుంది: తక్కెడలో ఒక పక్క ఉప్పు, ఒక పక్క సారపప్పు, ఎత్తుకి ఎత్తు. సారపప్పు ధర తెలిసినవాళ్ళకి ఆ బేరంలో ఎంత మోసముందో నేను చెప్పక్కర్లేదు. ఉప్పు లేనిదే బతుకు సాగదని అడవిలో మనిషికి తెలుసు. అది అతనికి తెలుసని షావుకారుకీ తెలుసు.

అంత ఖరీదు పెట్టి తెచ్చుకున్న ఉప్పును మన ఒంట్లో కణాలు ఏం చేస్తాయి? బయటికి నెట్టేస్తాయి. రాత్రీ పగలూ అదే పని. ఆ నెట్టే యంత్రం ఎలా తయారవుతుంది, తయారయ్యాక తన చోటికి ఎలా చేరుతుంది అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం. సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభలో ఇదెందుకంటే, ఆ యంత్రానికి వేసే బొగ్గును కనుక్కున్నవాళ్ళలో ఆయనొకరు.

ముందు లెక్క చూద్దాం. మన రక్తంలో లీటరుకి సోడియం 140 మిల్లీమోల్‌ల దాకా ఉంటుంది. కణం లోపల పది పదిహేనుకి మించదు. పొటాషియం సంగతి తలకిందులు: లోపల 140, బయట నాలుగు. కణపొరలో సోడియానికీ పొటాషియానికీ సందులున్నాయి కాబట్టి ఈ తేడా దానంతట అది నిలవదు. వదిలేస్తే సోడియం లోపలికి కారిపోతుంది, దాని వెంట నీళ్ళు పోతాయి, కణం ఉబ్బి పగులుతుంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి అని మనవాళ్ళు అన్నది నీతికోసమే అయినా, కణానికి అది అక్షరాలా వర్తిస్తుంది. అందుకే పొరలో పంపులున్నాయి. ఒక్కో పంపు, ఇందాక నేను బొగ్గు అన్న ఏటీపీ అణువును ఒకటి ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. మీరిలా కదలకుండా కూర్చుని నా మాటలు వింటున్నప్పుడు మీ ఒళ్ళు చేస్తున్న ఖర్చులో ఐదో వంతో, నాలుగో వంతో ఈ ఒక్క పనికే పోతోంది.

ఈ పంపును పట్టుకున్నది డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో యెన్స్ స్కౌ అనే వైద్యుడు. ఆయన పీతల కాళ్ళలోని నరాలను నూరి, అందులో ఏటీపీని విరిచే ఎంజైము కోసం వెతికాడు. సోడియం, పొటాషియం రెండూ కలిసి ఉంటేనే ఆ ఎంజైము జోరందుకుంటోందని 1957లో ప్రకటించాడు. మరుసటి ఏడు వియన్నా సభలో రాబర్ట్ పోస్ట్ అనే అమెరికన్ ఆయనకొక కిటుకు చెప్పాడు: ఆఫ్రికాలో బాణాలకి పూసే ఊబేన్ అనే విషం ఎర్రకణాల్లో సోడియం రవాణాను ఆపేస్తుంది, నీ ఎంజైమును కూడా ఆపుతుందేమో చూడు. ఆపింది. పీత నరంలోని ఎంజైమూ, మనిషి ఎర్రకణంలోని పంపూ ఒకటేనని అలా తేలింది. మన పెరళ్ళలో పచ్చగన్నేరు విషం గుండెను కొట్టేది కూడా ఈ పంపును పట్టుకునే. స్కౌకి నోబెల్ బహుమతి రావడానికి 1997 దాకా పట్టింది.

ఎంజైము ఏటీపీని విరిచిందని ఎలా తెలుస్తుంది? విరిగినప్పుడల్లా ఒక ఫాస్ఫేటు ఊడి పడుతుంది. దాన్ని లెక్కపెట్టాలి. ఆ లెక్కకి చవకైన, నమ్మకమైన పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన మన సుబ్బారావు కలిసి రూపొందించారు. మాలిబ్డేటు కలిపి మరో మందు వేస్తే గొట్టంలో నీళ్ళు నీలంగా మారతాయి. ఎంత ఫాస్ఫేటు ఉంటే అంత నీలం. ప్రపంచంలో ఏటీపీ విరిచే ఎంజైముల మీద పనిచేసిన ప్రయోగశాలలు కొన్ని దశాబ్దాలపాటు ఆ నీలాన్నే నమ్ముకున్నాయి. నా ఎమ్మెస్సీ రోజుల్లో నేనూ నమ్ముకున్నాను. మేక మూత్రపిండం నూరి, గొట్టాలు వరసగా పేర్చి, నీలం ఎక్కుతుంటే చూసి మురిసిపోయిన రోజుల్లో ఆ పద్ధతి పేరులో సగం గోదావరి జిల్లాదని నాకు తెలియదు. అదే పద్ధతితో వాళ్ళిద్దరూ 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు.

పంపు ఏం చేస్తుందో చూశాం. ఇక అది ఎలా పుడుతుందో చూద్దాం. పాఠ్యపుస్తకాల్లో పంపు బొమ్మ పొరలో కూర్చునే ఉంటుంది. అక్కడికి ఎలా వచ్చిందని మా రోజుల్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పరీక్షలో రాదు కదా!

సోడియం పంపు ఒంటరిది కాదు, జంట. పెద్దదాన్ని ఆల్ఫా అంటారు. వెయ్యికి పైగా అమైనో ఆమ్లాల గొలుసు అది. దర్జీ సూది బట్టలో దిగి లేచినట్టు కణపొరను పదిసార్లు కుడుతుంది. ఉప్పును మోసే పనీ, ఏటీపీని విరిచే పనీ దీనిదే. చిన్నదాని పేరు బీటా. మూడు వందల చిల్లర అమైనో ఆమ్లాలు. పొరను ఒక్కసారే దాటి, తలంతా బయటే పెట్టుకుంటుంది. చూడబోతే పనంతా ఆల్ఫాదే, బీటా ఊరికే పక్కన నిలబడిందని అనిపిస్తుంది.

రెండూ పుట్టేది అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల మడతల దగ్గర. రైబోజోములు అక్కడ అతుక్కుని గొలుసును అల్లుతూ ఉంటే, అల్లినది అల్లినట్టే ఒక సన్నటి ద్వారం గుండా పొరలోకి జారుతుంది. ఏ ప్రొటీన్ ఎక్కడికి పోవాలో దాని గొలుసులోనే చిరునామా రాసి ఉంటుందని చూపినందుకు గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ ఇచ్చారు. పొరలో దిగిన బీటా తలకి చక్కెర గొలుసులు అతుకుతాయి, గంధకం ముడులు పడతాయి, తల గట్టిపడుతుంది. ఆల్ఫా మాత్రం పది కుట్లూ వేసుకుని కూడా నిలకడగా ఉండలేదు. బీటా వచ్చి ఆనుకుంటేనే దాని మడతలు సరిగ్గా కుదురుకుంటాయి.

స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కేతీ గేరింగ్ ఈ సంగతిని కప్ప గుడ్లలో చూపించింది. ఆల్ఫాను తయారుచేయించే ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని ఒక్కదాన్నే గుడ్డులోకి ఎక్కిస్తే, పుట్టిన ఆల్ఫాను కణం కొద్ది గంటల్లోనే ముక్కలు చేసేసింది. బీటా సందేశాన్ని కూడా జతచేస్తే రెండూ కలిసి నిలిచాయి, పొరకి చేరాయి, ఉప్పును నెట్టాయి. జత దొరకని బీటాకీ దారి లేదు. కాపలా ప్రొటీన్లు దాన్ని పట్టుకుని అక్కడే ఆపేస్తాయి. ఉప్పు బిడారు నడిపే లంబాడీ కూడా అంతే చేసేవాడేమో: మోయలేని ఎద్దును ఘాట్ ఎక్కించి సగం దారిలో కూలబడనిచ్చే బదులు ఊళ్ళోనే ఆపుకోవడం మేలు. సగం కుదిరిన పంపు కణపొరకి చేరితే అది పంపు కాదు, చిల్లు.

జత కుదిరాక ప్రయాణం. పొర ఒకచోట బుడిపెలా ఉబ్బి, తిత్తిగా తెగి, జంటను మోసుకుంటూ గాల్జీ మడతలకి చేరుతుంది. అక్కడ బీటా మీది చక్కెరలకి చివరి చెక్కుడు. మళ్ళీ తిత్తి, మళ్ళీ ప్రయాణం. చివరికి తిత్తి పొర కణపొరలో కలిసిపోతుంది, జంట తన చోట తేలుతుంది. తిత్తి ఎలా తెగుతుందో, సరైన పొరతోనే ఎలా కలుస్తుందో విప్పిచెప్పినందుకు రాండీ షెక్‌మన్, జేమ్స్ రోత్‌మన్, థామస్ స్యూడాఫ్ 2013లో నోబెల్ పంచుకున్నారు.

పొరకి చేరితే సరిపోతుందా? ఏ పొర? ఇక్కడ పేగు గురించి చెప్పాలి. పేగు గోడలోని కణానికి రెండు ముఖాలు. ఒకటి తిండివైపు, రెండోది రక్తంవైపు. సోడియం పంపు రక్తంవైపు, పక్కలవైపు మాత్రమే ఉంటుంది. తిండివైపు ఉండదు. అది రక్తంలోకి సోడియాన్ని తోడేస్తుంటే కణం లోపల సోడియం కరువవుతుంది. ఆ కరువును ఆసరా చేసుకుని తిండివైపున్న మరో ప్రొటీన్ రెండు సోడియం అయాన్లతో పాటు ఒక గ్లూకోజును లోపలికి లాగుతుంది. వాటి వెంట నీళ్ళు. ఓఆర్‌ఎస్ పొట్లం చేసే పని మొత్తం ఇదే. ఇప్పటి పొట్లంలో లీటరుకి సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్‌లు, సరిసమానంగా ఉంటాయి. గ్లూకోజు అక్కడ రుచికోసం వేసింది కాదు, ఉప్పు లోపలికి రావడానికి టికెట్టు అది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగాం శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు పీపాల్లో పెట్టి తాగించాడు. కలరా చావులు 30 శాతం నుంచి నాలుగు శాతం లోపుకి పడిపోయాయి. పేగు కణంలో పంపు పొరపాటున తిండివైపు చేరి ఉంటే అదే నీళ్ళు అటే తిరిగి పోయేవి.

పక్కపక్క కణాల్లోని పంపులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కూడా. ఒక కణం మీది బీటా తల, పక్క కణం మీది బీటా తలతో చేయి కలుపుతుందని మెక్సికోలో మార్సెలీనో సెరెయిహిదో బృందం చూపింది. ఊరికే నిలబడింది అనుకున్న బీటా పని ఇప్పుడు కనిపిస్తోంది కదా: జతను నిలబెట్టడం, గేటు దాటించడం, గోడ దగ్గర పట్టు ఇవ్వడం. చోటును బట్టి ఏర్పాటు మారుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. మెదడు నీరు ఊరే చోట, కంటిపాప వెనక రెటీనాను ఆనుకున్న పొరలో ఇదే పంపు ఎదుటి ముఖం మీద ఉంటుంది. యంత్రం అదే. ఏ గోడలో బిగించారన్నదాన్ని బట్టి నీరు ఎటు ఊరాలో మారిపోతుంది.

ఇక మీకందరికీ పరిచయమైన మరో పంపు. ఈ సభలో గ్యాస్ మాత్ర వేసుకోనివాళ్ళు చేతులెత్తండి అంటే ఎన్ని లేస్తాయో! జీర్ణాశయంలో ఆమ్లాన్ని నెట్టే పంపు సోడియం పంపుకి దాయాది. దానిదీ ఆల్ఫా బీటా జంటే. ఆకలి లేనప్పుడు ఈ పంపులు గోడలో ఉండవు. కణం లోపల సన్నటి గొట్టాల్లాంటి తిత్తుల్లో మడిచిపెట్టి ఉంటాయి. అన్నం వాసన తగిలి, ముద్ద కడుపులో పడ్డాక, హిస్టమిన్ లాంటి కబురు అందాక తిత్తులన్నీ గోడలో కలిసి పంపులు పనిలోకి దిగుతాయి. కణం లోపలికంటే బయట పది లక్షల రెట్లు ఎక్కువ ఆమ్లం చేరేదాకా నెడతాయి. 1988లో బజారులోకి వచ్చిన ఒమెప్రజోల్, దాని తమ్ముళ్ళు పనిచేస్తున్న పంపునే పట్టుకోగలవు, తిత్తిలో నిద్రపోయే పంపును పట్టుకోలేవు. అందుకే ఆ మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. భోంచేసి, బ్రేవుమని, మంచమెక్కుతూ వేసుకుంటే సగం మందు వృథా. రక్తంలో గంటో రెండు గంటలో ఉండే ఆ మాత్ర ప్రభావం రెండు మూడు రోజులు నిలవడానికి కారణం కూడా మీరిప్పుడు ఊహించగలరు. పట్టుబడ్డ పంపు మళ్ళీ లేవదు. కణం కొత్త జంటలను కని, గోడకి పంపేదాకా ఆమ్లం తగ్గే ఉంటుంది.

ఇప్పుడు బస్తర్‌కి వద్దాం. ఇక్కడి ఇళ్ళల్లో తరతరాలుగా తిష్ఠ వేసిన రెండు రోగాలు, మలేరియా, సికిల్‌సెల్, కలుసుకునే చోటు ఎర్రకణం. పంపుల కథలో ఎర్రకణానిది వింత స్థితి. మజ్జలో పుట్టేటప్పుడు దానికి కేంద్రకం ఉంటుంది, రైబోజోములుంటాయి, పంపులు తయారుచేసే కార్ఖానా మొత్తం ఉంటుంది. పుట్టుక పూర్తయ్యే వేళకి కేంద్రకాన్ని బయట పారేస్తుంది. రక్తంలో పడ్డ ఒకటి రెండు రోజుల్లో మిగిలిన సామానంతా తీసేసుకుంటుంది. అక్కర్లేని పొర ప్రొటీన్లను చిన్న తిత్తుల్లో మూటగట్టి ఊడ్చేస్తుంది. ఆ ఊడ్పులో సోడియం పంపులు కూడా చాలా పోతాయి. కుక్క ఎర్రకణంలోనయితే మామూలుగా ఒక్కటీ మిగలదు. మనిషి ఎర్రకణంలో మిగిలేవి కొన్ని వందలు. మూత్రపిండ కణాల్లో లక్షల్లో ఉండే పంపులివి. ఆ కొన్ని వందలతోనే 120 రోజులు నెట్టుకురావాలి. ఒకటి చెడితే ఇంకొకటి రాదు, కార్ఖానా మూసేశారు కదా. బ్లడ్‌బ్యాంకు ఫ్రిజ్‌లో చలికి ఆ పంపులు మందగిస్తాయి. రోజులు గడిచేకొద్దీ సంచిలోని ద్రవంలో పొటాషియం పెరిగేది అందుకే.

ఇలాంటి మూసేసిన ఇంట్లోకి మలేరియా క్రిమి దూరుతుంది. ఇక్కడ ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరం జాతిది మరీ తెలివి. తన కార్ఖానా తానే తెచ్చుకుంటుంది. తిండికోసం ఎర్రకణం పొరలో కొత్త దారులు తెరుస్తుంది. ఆ దారుల్లోంచి సోడియం కూడా వరదలా వస్తుంది. ఎర్రకణానికున్న కొన్ని వందల పంపులకి ఆ వరదను తోడే ఓపిక లేదు. ఇంటి నిండా ఉప్పునీళ్ళు చేరతాయి. అప్పుడు క్రిమి తన పొరలో తన సొంత సోడియం పంపును బిగించుకుని తనను తాను కాపాడుకుంటుంది. ఆ పంపు పేరు పీఎఫ్ఏటీపీ4. దాన్ని ఆపితే క్రిమిలో ఉప్పు చేరి అది చస్తుందని 2013లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చూపించారు. సిపార్గమిన్ అనే కొత్త మందు అదే దెబ్బ కొడుతుంది, ఇంకా పరీక్షల దశలో ఉంది. అది వచ్చేదాకా పని ఆగలేదు. 2020లో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు వాగులు దాటి, ఇల్లిల్లూ తిరిగి, జ్వరం లేనివాళ్ళకి కూడా రక్తపరీక్ష చేశారు. క్రిమి ఎవరి ఎర్రకణంలో చప్పుడు చేయకుండా దాక్కుందో అలాగే తెలుస్తుంది.

సికిల్‌సెల్ కథలో కూడా ఉప్పు, నీళ్ళు ఉన్నాయి. హిమోగ్లోబిన్ గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ పడితే, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ కడ్డీలుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. వంగిన కణంలోకి కాల్షియం జొరబడుతుంది. దాన్ని తోడే పంపు సరిపడా తోడలేకపోతే, కాల్షియం తగిలి ఒక పొటాషియం ద్వారం తెరుచుకుంటుంది. 1958లో హంగరీ శాస్త్రజ్ఞుడు గార్దోష్ గమనించిన ద్వారం అది. పొటాషియం వెళ్ళిపోతుంది, వెంట నీళ్ళు వెళతాయి, కణం ఎండిపోతుంది. ఎండిన కణంలో హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది, చిక్కబడితే ఇంకా తొందరగా కడ్డీ కడుతుంది. సికిల్‌సెల్ పిల్లలకి నీళ్ళు బాగా తాగమని చెప్పేది ఈ ఎండుదనానికి భయపడే. ఆ ద్వారాన్ని మూసే సెనికపోక్ అనే మందును పెద్ద ఎత్తున పరీక్షించారు. కణాలు పగలడం తగ్గింది గానీ నొప్పుల దాడులు తగ్గలేదు. ఒక్క ద్వారం మూస్తే తీరేంత చిన్న రోగం కాదిది.

మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, సికిల్ కణం పది ఇరవై రోజులే. ఆ లోటు పూడ్చడానికి మజ్జ కొన్ని రెట్లు ఎక్కువ పనిచేయాలి. ఆరోగ్యవంతుడి మజ్జే సెకనుకి 20 లక్షల ఎర్రకణాలు చేస్తుంది. సికిల్ బిడ్డ మజ్జలో ఇంకెంత హడావుడో ఆలోచించండి. పుట్టే ప్రతి కణానికీ ఆల్ఫాలు అల్లాలి, బీటాలు అల్లాలి, జత కలపాలి, తిత్తుల్లో ఎక్కించి పొరకి చేర్చాలి. ఇదంతా కార్ఖానా మూతపడేలోపే అయిపోవాలి. కణం విభజన చెందడానికి డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. అందుకే సికిల్ బిడ్డకి డాక్టరు రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర రాస్తాడు.

ఆ ఫోలిక్ ఆమ్లాన్ని విడదీసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే మందుల కంపెనీ బృందాన్ని నడిపినవారు సుబ్బారావు గారు. ఆయన తోబుట్టువును స్ప్రూ అనే పేగు రోగం పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టకుండా చేసే రోగం అది. తరవాతి కాలంలో ఆ రోగానికి కూడా ఫోలిక్ ఆమ్లం మందయింది. 1923లో అమెరికాలో ఓడ దిగినాక ఆయన మళ్ళీ ఈ దేశం రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆ మాత్రను ఇంటిదాకా చేర్చే పల్లె ఆరోగ్య కార్యకర్తను ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ అంటారని మీకు నేను చెప్పాలా? ప్రాణస్నేహితురాలు అని కదా ఆ మాటకి అర్థం. సికిల్‌సెల్‌ను తుడిచిపెట్టే జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న షహడోల్‌లో మొదలైంది. దాని ఫలితం ఢిల్లీలో కనబడదు. వాగు అవతలి పల్లెలో పసుపుపచ్చని మాత్ర బిడ్డ నోట్లో పడిందా లేదా అన్నదగ్గర కనబడుతుంది. వైద్య విద్యార్థులారా, రేపు మీరు చీటీ మీద ఆ మాత్ర పేరు రాసేటప్పుడు ఇంకో మాట కూడా అడగండి: "మీ ఊరికి ఇది ఎవరు తెచ్చిస్తారమ్మా?"